లార్డ్ ఆఫ్ వార్: తుపాకి మీద కాదు, కాగితం మీద కన్నేసి చూడాల్సిన సినిమా

శేషాచలం కొండల నుంచి ఎర్రచందనం ఎలా దాటిపోతుందో తిరుపతి, చిత్తూరు జనానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెట్టు నరికేది ఒకడు, దుంగ మోసేది ఇంకొకడు, బండి తోలేది మరొకడు. కంటైనర్‌లో వేరే సరుకుందని కాగితం రాయించి చెన్నై రేవు దాటించేవాడి ముఖం మాత్రం ఎవరికీ కనబడదు. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలో పోలీసు కాల్పులకు చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లే. సరుకు అమ్ముకునే పెద్దమనిషి ఒక్కడూ వాళ్లలో లేడు. ఆ కనబడని మనిషిని మధ్యలో నిలబెట్టి తీసిన సినిమా ఇది. సరుకు దుంగలు కాదు, తుపాకులు.

ఆండ్రూ నికోల్ రాసి, దర్శకత్వం వహించిన ఈ సినిమా 2005లో వచ్చింది. నిడివి సుమారు రెండు గంటలు. ఉక్రెయిన్ నుంచి న్యూయార్క్‌లోని బ్రైటన్ బీచ్‌కు వలస వచ్చిన కుటుంబంలో పెద్దకొడుకు యూరీ ఓర్లోవ్. ఆ పాత్ర నికొలస్ కేజ్‌ది. చిన్న బేరాలతో మొదలుపెట్టి, 1991లో సోవియట్ యూనియన్ కూలగానే ఉక్రెయిన్ సైనిక గోదాముల మీద పడి, అక్కడి ఆయుధాలను ఆఫ్రికా యుద్ధాలకు చేరవేస్తాడు. కథ అంతే.

మొదటి మూడు నిమిషాలను తప్పిపోకండి. ఒక తూటా ఫ్యాక్టరీలో తయారై, పెట్టెలోకెక్కి, ఓడలో సముద్రం దాటి, ఒక తుపాకిలో దూరి, చివరికి ఒక పిల్లవాడి నుదుటి దాకా పోతుంది. కెమెరా ఆ తూటా వెనకాలే ఉంటుంది. దారి పొడవునా దాన్ని చేతులు మార్చినవాళ్లలో ఒక్కరూ ఆ పిల్లవాడిని చూసి ఉండరు.

ఇక అసలు బలం కాగితాల దగ్గర. ఆయుధాల ఎగుమతికి 'ఎండ్ యూజర్ సర్టిఫికెట్' అనే పత్రం ఉండాలి. కొనే దేశం ఏది, సరుకెంత, దేనికోసం, మూడో దేశానికి మళ్లించబోమన్న హామీ, కింద అధికారి సంతకం: ఇవీ అందులో ఉండేవి. ఈ పద్ధతి దెబ్బతినేది రెండు చోట్ల. సంతకం నిజమైనదే అయినా పెట్టినవాడు అమ్ముడుపోయి ఉండవచ్చు. సరుకు చెప్పిన చోటే దిగిందా అని అమ్మిన దేశం మళ్లీ వెళ్లి చూసుకోకపోవచ్చు. 2000 జులైలో జరిగింది ఇదే. ఐవరీ కోస్ట్ పేరున ఉన్న పత్రంతో 113 టన్నుల తూటాలు ఉక్రెయిన్ నుంచి ఆ దేశంలోని అబిజాన్ నగరానికి విమానంలో చేరాయి. అందులో చాలా భాగం అక్కడి నుంచి ఐక్యరాజ్యసమితి నిషేధం ఉన్న లైబీరియాకు పోయింది. ఆ వ్యవహారం నడిపిన లియోనిద్ మినిన్ ఇటలీలో పట్టుబడ్డాడు, పత్రాలూ దొరికాయి. అయినా సరుకు ఇటలీ నేలను తాకలేదు గనుక ఆయుధాల కేసు తమ పరిధిలోకి రాదని అక్కడి కోర్టులు తేల్చాయి. సినిమాలో యూరీ ధీమాగా తిరగడానికి ఆధారం ఇలాంటి సందులే.

ఈ సందులను మూడు సన్నివేశాల్లో చూపించారు. నడిసముద్రంలో తనిఖీ బృందం వస్తుంటే ఓడ పేరు చెరిపి కొత్త పేరు రాస్తారు. తగిన జెండా లేకపోతే ఫ్రెంచి జెండాను అడ్డంగా తిప్పి డచ్చి జెండా చేస్తారు. రెండోది హెలికాప్టర్ల బేరం. ఆయుధాలు విప్పేసి వేరే ఆర్డరు కింద రాస్తే, యుద్ధ హెలికాప్టరే కాగితం మీద సహాయక చర్యల హెలికాప్టర్ అవుతుంది. మూడోది అన్నిటికన్నా గొప్పది. సరుకు విమానాన్ని మట్టి దారి మీద బలవంతంగా దింపుతారు. పోలీసులు వచ్చేలోపు యూరీ ఆ ఆయుధాలన్నిటినీ దారిన పోయేవాళ్లకు ఉచితంగా పంచేస్తాడు. సాక్ష్యం మాయం. ఆ తర్వాత ఊరివాళ్లు విమానాన్ని రేకు రేకుగా ఊడదీసుకుపోతారు. మాటల్లేవు, పొద్దు గూకి మళ్లీ పొడిచే వరకూ విమానం కరిగిపోతూ ఉంటుంది. ఈ ఒక్క దృశ్యం కోసమైనా సినిమా చూడవచ్చు.

ఆయుధాల విషయంలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. యూరీ ఏకే-47 గొప్పల గురించి చెబుతుంటాడు గానీ, తెర మీద గుట్టలుగా కనిపించే వాటిలో చాలా వరకు చెక్ దేశపు వీజెడ్-58లు. నకిలీలు చేయించడం కన్నా అసలైనవి తెప్పించుకోవడమే చౌక అని, మూడు వేల నిజమైన తుపాకులు తెచ్చారు. పైకి కవలల్లా ఉన్నా లోపలి యంత్రాంగం వేరు. ఏకేకు కుడి పక్క పొడవాటి రేకు మీట ఉంటుంది, వీజెడ్‌కు పిడి పైన చిన్న మీట. రెండిటికీ తూటా ఒకటే, 7.62×39 మిల్లీమీటర్లది, మ్యాగజైన్ మాత్రం ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. వరసగా నిలబెట్టిన ట్యాంకులు కూడా నిజమైనవే. వాటి యజమాని వాటిని లిబియాకు అమ్మాల్సి ఉండటంతో త్వరగా తిరిగి ఇచ్చేయాల్సి వచ్చిందని దర్శకుడు చెప్పాడు.

పెద్ద తప్పు ఈథన్ హాక్ పాత్ర. అతను ఇంటర్‌పోల్ ఏజెంటుగా దేశదేశాలు తిరుగుతూ, విమానాలు దింపిస్తూ, మనుషులకు బేడీలు వేస్తుంటాడు. ఇంటర్‌పోల్‌కు అరెస్టు చేసే అధికారమే లేదు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఉన్న దాని కార్యాలయం సభ్యదేశాల మధ్య సమాచారం, నోటీసులు నడిపిస్తుంది; పట్టుకునేది ఆయా దేశాల పోలీసులే. కథకు వేటగాడు కావాలి గనుక ఇలా రాసుకున్నారు, కానీ దాంతో అసలు చిక్కు కప్పబడిపోయింది. ఇలాంటి వ్యాపారిని దేశాలు దాటి వెంటాడే పోలీసు ఎవరూ లేకపోవడమే ఆ చిక్కు.

భార్య ఎవా కథ బలహీనం. బ్రిజెట్ మొయినహన్‌కు అందంగా అనుమానపడటం తప్ప పని ఇవ్వలేదు. జారెడ్ లెటో వేసిన తమ్ముడు విటాలీయే సినిమాకు ప్రాణం. అన్న లెక్కలేసే చోట కళ్లెదుటి మనుషులను చూసేది అతనొక్కడే.

యూరీ పాత్రలో కొందరు నిజ వ్యాపారుల ఛాయలున్నాయి. వాళ్లలో పేరుమోసినవాడు రష్యా ఆయుధ వ్యాపారి విక్టర్ బౌట్. సినిమా వచ్చిన మూడేళ్లకు, 2008 మార్చిలో, కొలంబియా తిరుగుబాటుదారుల వేషం కట్టిన అమెరికా ఏజెంట్లు బ్యాంకాక్‌లో బేరం నడిపి అతన్ని పట్టించారు. 2012లో 25 ఏళ్ల శిక్ష పడింది. 2022 డిసెంబరులో, రష్యా జైల్లో ఉన్న తమ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్‌ను విడిపించుకోవడానికి అమెరికా అతన్ని రష్యాకు అప్పగించింది. ముగింపులో యూరీ చెప్పే మాటలను ఇది తెలిసి వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆఫ్రికా నియంత బాప్టిస్ట్ పాత్రకు లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్ పోలికలున్నాయి. ఆయనకు 2012లో 50 ఏళ్ల శిక్ష వేశారు. మనకూ ఇది దూరపు కథేమీ కాదు. 1995 డిసెంబరు 17 రాత్రి ఆంటొనోవ్-26 విమానం ఒకటి బెంగాల్‌లోని పురులియా మీద ఏకే తుపాకులు, లక్షల తూటాలు జారవిడిచి పోయింది.

ఎర్రచందనం స్మగ్లర్‌ను హీరోగా చూసి ఈలలు వేసిన ప్రేక్షకులకు ఇక్కడ ఇబ్బంది ఎదురవుతుంది. యూరీ మాటకారి, నవ్విస్తాడు, గెలుస్తాడు. కానీ దర్శకుడు ఎక్కడా అతనికి ఫైటు పెట్టలేదు, ఎదురు తిరిగే న్యాయం కట్టబెట్టలేదు. ఇష్టపడుతూనే అసహ్యించుకోవాల్సి వస్తుంది. అలా నిలబెట్టడం చాలా కష్టమైన పని, నికొలస్ కేజ్ దాన్ని సాధించాడు.

సినిమా పొడవునా యూరీ గొంతే కథ చెబుతుంది, వేగంగా చెబుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి, లేకపోతే సగం వ్యాపారం చెవిన పడదు. హింస, డ్రగ్స్, వేశ్యల సన్నివేశాలున్నాయి, పిల్లలతో వద్దు. ఎస్వీ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం, న్యాయశాస్త్రం చదివేవాళ్లు 2013 నాటి ఐక్యరాజ్యసమితి ఆయుధ వ్యాపార ఒప్పందాన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఏ నిబంధన ఏ సందు కోసం రాశారో తెలుస్తుంది. ఆ ఒప్పందం మీద ఓటింగ్‌లో భారత్ తటస్థంగా ఉంది. ఆఖరి దృశ్యం అయిపోగానే ఆపేయకండి. అతిపెద్ద ఆయుధ ఎగుమతిదారులైన అయిదు దేశాలే భద్రతా మండలిలో శాశ్వత సభ్యులని చెప్పే వాక్యాలు ఆ తర్వాతే తెర మీదికి వస్తాయి.