ఆన్‌లైన్ నాణేల వేలంలో ‘అతి అరుదు’ అన్న మాట చూసి పాట పెంచకండి

నిజాం కాలపు నాణేలు సేకరించే మిత్రులకు, ముఖ్యంగా ఈ మధ్యే ఫోన్‌లో వేలంపాటలు చూసి కొనడం మొదలుపెట్టిన హైదరాబాదు వారికి, ఈ హెచ్చరిక. నకిలీ నాణేల గురించి మనలో ఒకరికొకరం చెప్పుకుంటూనే ఉంటాం. నేను చెప్పదలచినది నకిలీ గురించి కాదు. నాణెం అసలైనదే, తూకం సరిపోతుంది, అచ్చు సరిగ్గానే ఉంటుంది, దాని గురించి అమ్మేవారు రాసిన వర్ణన మాత్రం అబద్ధం. ఈ రకం మోసాన్ని పట్టుకోవడం కష్టం, పట్టుకున్నాక డబ్బు వెనక్కి రాబట్టుకోవడం ఇంకా కష్టం.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన తొలినాళ్ల చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటి ఇటీవల ఒక ఆన్‌లైన్ వేలానికి వచ్చింది. ‘అతి అరుదు, యూఎన్‌సీ, పూర్తి మింట్ మెరుపు, స్వచ్ఛమైన వెండి, పాతబస్తీ నవాబుల కుటుంబం సేకరణ నుంచి’ అని దాని కింద రాశారు. యూఎన్‌సీ అంటే చెలామణిలో అరగని నాణెం అని. ఫొటోలు రెండే పెట్టారు, రెండూ నేరుగా పైనుంచి తీసినవే, రెండింటిలోనూ నాణెం పై అంచు కొద్దిగా ఫొటోలోకి రాకుండా తెగిపోయి ఉంది. 3,000 రూపాయల దగ్గర మొదలైన పాట 11,500 దగ్గర నా పేరున ఆగింది. దాని మీద వేలం నిర్వాహకుల కమీషన్, ఆ కమీషన్ మీద జీఎస్టీ, కొరియర్ ఖర్చు అదనం.

పార్సిల్ వచ్చాక భూతద్దం పెట్టి చూస్తే, ఫొటోలో తెగిపోయిన ఆ పై అంచు దగ్గరే అసలు సంగతి బయటపడింది. నాణెం చుట్టూ ఉండాల్సిన నిలువు గీతలు అక్కడ గోరంత మేర లేవు, ఆకురాయితో రాసి నున్నగా చేశారు. ఆ పక్కనే, వెండి రంగులో కలవకుండా, కాస్త పసుపు తిరిగిన టంకం మరక ఉంది. ఒకప్పుడు ఈ రూపాయికి రింగు అతికించి ఎవరో మెడలో వేసుకున్నారు, ఆ తర్వాత ఎవరో ఆ రింగు ఊడదీసి గుర్తు కనబడకుండా అరగదీశారు. వెండి రూపాయలు గొలుసులకు గుచ్చుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే, అందులో తప్పేమీ లేదు, అలాంటి నాణేన్ని అలాగే చెప్పి అమ్మితే తగిన ధరకు కొనేవాళ్లూ ఉన్నారు. కానీ సేకరణదారుల లెక్కలో రింగు తీసిన నాణేనికీ, చెక్కుచెదరని నాణేనికీ ధరలో చాలా తేడా ఉంటుంది. ఆ ముక్క వర్ణనలో ఎక్కడా లేదు.

మెరుపు సంగతీ అంతే. అచ్చు పడ్డప్పటి మెరుపు మిగిలి ఉన్న నాణేన్ని ఒకే దీపం కింద పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచితే కాంతి చారలుగా విడిపోయి నాణెం చుట్టూ తిరుగుతుంది. నాకు వచ్చిన రూపాయి ఎటు వంచినా ఒకేలా తెల్లగా మెరుస్తోంది, భూతద్దంలో దాని మీద తోమిన స్టీలు గిన్నె మీద ఉండే సన్నటి గీతలు ఒకే వైపుకు సాగుతూ కనిపించాయి. దాన్ని ఏ పొడితోనో రుద్ది శుభ్రం చేశారన్నమాట. రుద్దిన నాణేన్ని ఆ సంగతి చెప్పకుండా యూఎన్‌సీ అనడం తప్పు.

‘స్వచ్ఛమైన వెండి’ అన్నది ఈ రూపాయి విషయంలో ఎవరు రాసినా తప్పే. హైదరాబాదు సంస్థానం సొంత నాణెమైన హాలీ సిక్కా రూపాయిలో వెండి 81.8 శాతం, బరువు దాదాపు 11.18 గ్రాములు. అదే కాలపు బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. ఇక అరుదు అనడానికి కారణమేమిటని అడిగితే, చార్మినార్ బొమ్మ గుమ్మంలో ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉందని అమ్మకందారు జవాబిచ్చారు. ఆ అక్షరం ఉస్మాన్ పేరులో మొదటిది, ఆయన చార్మినార్ నాణేల మీద ఉండేదే. అంతకుముందు మీర్ మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ నాణేల గుమ్మంలో ‘మీమ్’ ఉంటుంది. నవాబుల కుటుంబం గురించి ఒక్క కాగితమైనా చూపమంటే బదులే రాలేదు.

నాణెం వాపసు తీసుకోమని ఫొటోలతో సహా రాశాను. గ్రేడ్ అనేది ఒక అభిప్రాయమనీ, ఫొటోలు చూసే నేను పాట పాడాననీ, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్మకం అని నిబంధనల్లో రాసి ఉందనీ సమాధానం వచ్చింది. ఈ వాదనను మనం ఒప్పుకోకూడదు. అరుగుదలను బట్టి ఇచ్చే గ్రేడ్లలో ఒక నాణెం వీఎఫ్‌కు చెందుతుందా ఎక్స్‌ఎఫ్‌కు చెందుతుందా అన్న చోట ఇద్దరికి రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. టంకం మరక ఉందా లేదా అన్నది మాత్రం అభిప్రాయం కాదు. చేతిలో నాణెం పెట్టుకుని వర్ణన రాసినవారికి అది కనబడకపోయే అవకాశం లేదు, అంచు కనబడకుండా ఫొటో కత్తిరించడం కాకతాళీయమని నేను నమ్మను.

ఆ తర్వాత ఇలాంటి వర్ణనలను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను, అబద్ధాలు ఎంత ధీమాగా రాస్తారో చూస్తే బాధ వేసింది. ఒక చోట చార్మినార్ నాణెం కింద ‘1329 నాటిది, దాదాపు 700 ఏళ్ల పాతది’ అని రాశారు. చార్మినార్ కట్టిందే 1591లో! ఆ 1329 హిజ్రీ సంవత్సరం, అంటే మహబూబ్ అలీ ఖాన్ మరణించి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన 1911. నక్షత్రం గుర్తున్న మామూలు రూపాయి నాణేన్ని ‘స్టార్ మార్క్, చాలా అరుదు’ అని అమ్ముతున్నారు. ఆ అయిదు కోణాల నక్షత్రం హైదరాబాదు టంకశాల గుర్తు, ఆ టంకశాల సైఫాబాద్ నుంచి 1997లో చర్లపల్లికి మారింది, అక్కడ అచ్చయిన నాణేలు మన జేబుల్లోకి రోజూ వస్తూనే ఉన్నాయి. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని ఆ ఒక్క ఏడాదిదే అన్నట్టు వర్ణిస్తారు, అదే సంవత్సరం వేసి 1874 దాకా ముద్రించారన్నది దాచేస్తారు. రామ దర్బారు బొమ్మతో, 1818 సంవత్సరంతో, ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో కనిపించే రాగి బిళ్లలను కంపెనీ ఎన్నడూ చెలామణిలోకి తేలేదు, అవి తర్వాతి కాలంలో ఎవరో చేసి అమ్మినవి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5, 10 రూపాయల నాణేలకు లక్షలు ఇస్తామనే ప్రకటనలు మరో రకం. ముందుగా పన్నో కమీషనో కట్టమంటూ రిజర్వ్ బ్యాంక్ పేరు చెబితే అక్కడితో ఆపేయండి. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని, ఎలాంటి రుసుమూ అడగబోమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. అప్పటికే డబ్బు పంపినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పాట పాడే ముందు అంచు చుట్టూ తీసిన ఫొటోలు, తూకం మీద పెట్టిన ఫొటో, దీపం కింద వంచుతూ తీసిన చిన్న వీడియో అడగండి. నిజాయితీగా అమ్మేవారు వీటికి విసుక్కోరు. ‘శుభ్రం చేశారా, రింగు తీశారా, మరమ్మతు చేశారా’ అని నేరుగా ప్రశ్నించి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే రేపు వివాదం వస్తే ఆ రాతే మీకు ఆధారం. వేలం ముగిశాక వర్ణన మార్చేసే అవకాశం ఉంది కాబట్టి ముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి, పార్సిల్ విప్పడాన్ని వీడియో తీయండి. నాణేలకు గ్రేడ్ ఇచ్చి పెట్టెలో బిగించే ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థల పెట్టెలో ఉన్న నాణేమైనా పెట్టె మీది నంబరును ఆ సంస్థల వెబ్‌సైట్‌లో సరిచూడండి, పెట్టెలకూ నకిలీలు వస్తున్నాయి. అసలు నాణేలు ఎలా ఉంటాయో కంటికి అలవాటు కావాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది, అక్కడ ఒక పూట గడపడం మంచిది.

నాకు జరిగినట్టే జరిగినవారు ఊరుకోవద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా నిర్వచించింది, ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 నిబంధనలు కూడా ఉన్నాయి. అమ్మినవారు ఏ ఊరివారైనా మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, అమ్మకందారు దారికి రాకపోతే కమిషన్‌కు వెళ్తాను.

ఇది రాస్తున్న సమయానికి అదే అమ్మకందారు పెట్టిన మరో చార్మినార్ రూపాయి వేలంలో ఉంది. వర్ణన దాదాపు అదే, ఫొటోలో పై అంచు ఈసారీ తెగిపోయి ఉంది. ఈ వారం ఎక్కడైనా అలాంటి రూపాయికి పాట పాడాలనుకుంటే ముందు ఆ అంచు ఫొటో తెప్పించుకోండి, పంపకపోతే పాడకండి.