క్వీన్స్ గాంబిట్ ఎక్స్ఛేంజ్: నాలుగేళ్లు ఆడాక నా రివ్యూ

చెస్‌లో వైట్‌తో (తెల్ల పావులతో) ఈ ఓపెనింగ్, అంటే గేమ్ మొదట్లో వేసే ఈ ఎత్తుల వరుస, ఆడటం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. డీ4 అంటే డీ నిలువు వరుసలో నాలుగో గడి, పావు పేరు లేకుండా గడి ఒక్కటే చెప్తే అది బంటు ఎత్తు. డీ4 డీ5, సీ4 ఈ6, గుర్రం సీ3 గుర్రం ఎఫ్6, ఇక్కడ సీ బంటుతో డీ5లో కొట్టేస్తాం, అటువాళ్లు ఈ బంటుతో తిరిగి కొడతారు. వచ్చే బంట్ల ఆకారాన్నే కార్ల్స్‌బాడ్ స్ట్రక్చర్ అంటారు. చాలామంది బోర్ అంటారు గానీ నాకు ప్లాన్ అంటే ఏంటో నేర్పింది ఇదే.

మొదటి రెండేళ్లు నాకు తెలిసింది మైనారిటీ ఎటాక్ ఒక్కటే, అంటే తక్కువ బంట్లతో ఎదుటివాళ్ల ఎక్కువ బంట్ల మీద పడటం. ఏనుగుని బీ1లో పెట్టి బీ4, బీ5 తోయడం, సీ6లో కొట్టుకున్నాక బ్లాక్‌కి అక్కడ ఒక బలహీనమైన బంటు మిగలడం. నిజంగా పనిచేస్తుంది, కాకపోతే నేను ఆ బంటు మీద గురిపెట్టేలోపు అవతల గుర్రం ఈ4కి వచ్చి, వెనకే ఎఫ్5 పడి, ఏనుగు ఎఫ్6 మీదుగా హెచ్6కి చేరి నా రాజు మీద పడిపోయిన గేములు బోలెడు. తర్వాత ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఎక్కడ తప్పో చూపించేది, ఆ ఎత్తు గుర్తుపెట్టుకునేవాణ్ణి, మళ్లీ ఇంకోచోట అదే కథ.

బ్లాక్‌తో కూడా ఇదే ఆడటం మొదలుపెట్టాకే మారింది. అటు కూర్చుంటే వైట్ బీ4 తోయగానే కనిపించేది వేరు: ఆ బంటు ఇక బీ3కి రాలేదు, అంటే సీ4 గడికి కాపలా లేదు. ఒక గేములో బ్లాక్‌తో నేనే బీ5 తోసేశా, చూడ్డానికి సీ6 బంటుని చేతులారా పాడుచేసుకున్నట్టే ఉంటుంది, కానీ నా గుర్రం డీ7 నుంచి బీ6, అక్కణ్ణుంచి సీ4కి వచ్చి కూర్చోగానే సీ ఫైల్ (సీ నిలువు వరుస) మూసుకుపోయింది, వెనకున్న ఆ బంటుని వైట్ ఏనుగులు ముట్టుకోలేకపోయాయి. అప్పట్నుంచి వైట్‌తో బీ4 తోసేముందు బ్లాక్ వాళ్ల ఆ గుర్రం ఎక్కడుందో చూస్తా. ఎఫ్8 వైపు వెళ్లిపోయుంటే ధైర్యంగా తోసేస్తా, డీ7లోనే ఉంటే ముందు బ్లాక్ తోసే బీ5 సంగతి లెక్కేసుకుంటా.

వైట్‌కి ఇంకో ప్లాన్ కూడా ఉంది, గుర్రాన్ని ఈ2లో పెట్టి ఎఫ్3, ఈ4 తోయడం. 1952 సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో గ్రాండ్‌మాస్టర్ బొత్వినిక్ ఇంకో గ్రాండ్‌మాస్టర్ కెరెస్ మీద ఆడిన గేమ్ చూడండి, సెంటర్ ఎలా కదులుతుందో తెలుస్తుంది. బ్లాక్ వైపు దీనికి సమాధానం సరైన టైంలో సీ5, ఎందుకంటే ఎఫ్3 తర్వాత ఈ3 బంటు వీక్ అయిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. తొందరపడి గుర్రాన్ని ఎఫ్3లో పెట్టేస్తే మంత్రికి ఆ గడి ఉండదు, బ్లాక్ ఒంటె హాయిగా ఎఫ్5కి వచ్చేస్తుంది. బ్లాక్‌తో ఆడే కొందరు గుర్రం కంటే ముందే ఒంటెని ఈ7లో పెట్టేస్తారు, అప్పుడు మన ఒంటె జీ5కి కాకుండా ఎఫ్4కి వెళ్లాలి. అన్నిటికంటే పెద్ద కష్టం ఏనుగుల ఎండ్‌గేమ్ (చివర్లో రాజులు, ఏనుగులు, బంట్లే మిగిలే దశ), కష్టపడి సీ6 బంటు గెలిచినా చాలాసార్లు డ్రా అయిపోతుంది, ఈ నెలంతా బోర్డు ముందు అదే పనిలో ఉన్నా.