రెండు డిస్కులు, ఎనిమిదేళ్ళు, నాలుగు ఫార్మాట్లు

ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి మా ఇంటి నుంచి ఫోటోల బ్యాకప్ (ఇంకో కాపీ) ఉన్న ఒక హార్డ్ డిస్క్ కూకట్‌పల్లి వెళ్తుంది. అక్కడ మా బావమరిది బీరువాలో ఉన్న రెండో డిస్క్ నాతో సరూర్‌నగర్ వస్తుంది. విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే మధ్యలో రైలు మారే పని లేదు. డిస్క్‌ని పాత తువ్వాల్లో చుట్టి టిఫిన్ బాక్స్‌లో పెట్టి, దారంతా ఒళ్ళోనే ఉంచుకుంటాను. 2025 అక్టోబర్‌లో కంప్యూటర్ మొత్తం తుడిచేసి విండోస్ 11 కొత్తగా వేసుకున్నాను. ఆ పని సాఫీగా అయిపోయాక, ఇన్నేళ్ళూ ఈ ఏర్పాటు నాకు ఎక్కడ అక్కరకొచ్చిందో, ఎక్కడ చెయ్యిచ్చిందో రాయాలనిపించింది.

నాది చిక్కడపల్లిలో డీటీపీ పని. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు పుస్తకాలు. ఇంట్లో ఉన్న ఫోటోలు 61 వేల పైచిలుకు, 412 జీబీ. పాప పుట్టిన 2011 నుంచి నిన్నటి దాకా తీసినవి. వాటిలో 2017కి ముందువి తక్కువ. ఎందుకు తక్కువో ముందు చెప్పాలి.

2017లో నా పాత ల్యాప్‌టాప్ ఆన్ అవడానికే పది నిమిషాలు తీసుకుంటుంటే ఒక రిపేరు షాపులో ఇచ్చాను. ఫోటోలన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయని రెండుసార్లు చెప్పాను. "డి డ్రైవ్‌కి ఏం కాదన్నా, సి ఒక్కటే ఫార్మాట్ కొడతాం" అన్నాడు అక్కడి కుర్రాడు. సాయంత్రం తెచ్చుకుని తెరిస్తే సి డ్రైవ్ ఒక్కటే ఉంది, పక్కన 465 జీబీ అని. 500 జీబీ డిస్క్‌ని విండోస్ లెక్కలో చూపిస్తే వచ్చే అంకె అది. అంటే పార్టిషన్లన్నీ, అదే సి, డి అని డిస్క్‌ని విడగొట్టిన భాగాలన్నీ, తీసేసి మొత్తాన్ని ఒక్కటి చేశారు. ఆ అంకె చూడగానే కాళ్ళు చల్లబడ్డాయి.

డిస్క్‌ని ఇంక ముట్టుకోకుండా పక్కన పెట్టి, తెలిసినవాళ్ళ సలహాతో వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపాను. రెండు రాత్రులు నడిచింది. ఆ సాఫ్ట్‌వేర్ ఫైళ్ళ పేర్లూ ఫోల్డర్లూ పట్టించుకోదు, డిస్క్ మీద బొమ్మలా కనబడిన ప్రతి ముక్కనీ ఏరుతుంది. అలా వచ్చినవి 11 వేలు. ఎఫ్ అక్షరం, దాని పక్కన అంకెలు, అవే పేర్లు. ఫోటో లోపల కెమెరా రాసిపెట్టే ఎక్సిఫ్ తేదీ మిగిలింది కాబట్టి సంవత్సరాల వారీగా పేర్చుకోగలిగాను. అయితే చాలావాటికి సగమే ఉంది. పాప అన్నప్రాసన నాడు నాన్న దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఫోటో ఒకటుంది. అందులో నాన్న నుదురు, కళ్ళద్దాలు, పాప తలమీద రెండు వెంట్రుకలు కనిపిస్తాయి. అక్కడి నుంచి కిందికి అంతా బూడిద రంగు. నాన్న 2014లో పోయారు. ఆ ఫోటోకి ఇంకో కాపీ ఎక్కడా లేదు.

ఆ తర్వాత ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళి 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు కొన్నాను. ఒక్కోటి అయిదు వేల పైనే పడింది. ఒకటి ఇంట్లో, ఒకటి కూకట్‌పల్లిలో. అసలు ఫోటోలు డెస్క్‌టాప్ లోపల ఉన్న హార్డ్ డిస్క్‌లో. మొత్తం మూడు చోట్ల. వీటికి తోడు ఫోన్‌లో తీసినవి గూగుల్ ఫోటోస్‌లోకి వాటంతటవే వెళ్ళేలా పెట్టాను.

ఏర్పాటు బాగానే ఉంది, కానీ దాన్ని పాటించడంలో నేను వదులు పడ్డాను. 2020 ఉగాది మార్చి 25న, సరిగ్గా లాక్‌డౌన్ మొదలైన రోజు. డిస్కులు మార్చుకోలేదు. తర్వాత మెట్రో లేదు, ఒకరింటికి ఒకరు వెళ్ళే ధైర్యం లేదు, దసరాకి చూద్దాంలే అనుకున్నాను. అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకి చెరువు నీళ్ళు మా కాలనీలోకి వచ్చేశాయి. అమ్మనీ పాపనీ పై ఇంటివాళ్ళ దగ్గరికి చేర్చి నేను కిందికి వచ్చేసరికి నీళ్ళు మోకాలు దాటాయి. సీపీయూ నేలమీద ఉంది. బ్యాకప్ డిస్క్ అదే బల్ల కింది సొరుగులో ఉంది. రెండూ ఒకే రాత్రి పోయాయి.

బావమరిదికి ఫోన్ చేస్తే "బావా, డబ్బా నా దగ్గర భద్రంగా ఉంది, కంగారుపడకు" అన్నాడు. ఆ డబ్బాలో 2019 దసరా దాకా ఉన్నవి ఉన్నాయి. ఆ తర్వాత ఏడాదిలో ఫోన్‌తో తీసినవి గూగుల్ ఫోటోస్ నుంచి దించుకున్నాను. అప్పట్లో హై క్వాలిటీ అని పెట్టుకుంటే లెక్క లేకుండా ఉచితంగా దాచేవాళ్ళు, 16 మెగాపిక్సెళ్ళు దాటినవి కుదించి. 2021 జూన్ 1 నుంచి ఆ వెసులుబాటు తీసేసి అన్నిటినీ 15 జీబీ లెక్కలోకి తెచ్చారు. నా దగ్గర దొరకనివల్లా కెమెరాతో తీసినవి. లాక్‌డౌన్‌లో పాప డాబా మీద గాలిపటాలు అతికించుకుంటూ కూర్చున్న రోజులవి. కంప్యూటర్‌లోకి ఎక్కించిన వెంటనే మెమరీ కార్డు ఫార్మాట్ చేసే అలవాటుండేది నాకు. ఇప్పుడు రెండు డిస్కుల్లోకి చేరిందాకా కార్డు ముట్టుకోను. కార్డులు ఇంకో రెండు కొనుక్కోవచ్చు, ఆ రోజులు కొనలేం.

తడిసిన డిస్క్‌ని ఎండబెట్టి వెంటనే కరెంట్ ఇవ్వకూడదు. లోపల తేమో మట్టో ఉంటే డిస్క్‌ని చదివే హెడ్డు లోపల తిరిగే పళ్ళాన్ని గీరేస్తుంది. నేను ఇవ్వలేదు, రికవరీ చేసేవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళాను. వాళ్ళడిగిన మొత్తం మా తాహతుకి మించింది. ఇప్పుడు మా ఇంట్లో డిస్క్ ఉండేది అటక మీద.

రోజువారీ వాడకంలో నాకు బాగా నచ్చింది ఫ్రీఫైల్‌సింక్. ఉచితం, తేలిక. ఎడమవైపు కంప్యూటర్ ఫోల్డర్, కుడివైపు ఎక్స్‌టర్నల్ డిస్క్, ఏవి కొత్తవో చూపించి వాటిని మాత్రమే కాపీ చేస్తుంది. ఇందులో మిర్రర్ అని ఒక పద్ధతి ఉంది, నేను వాడను. ఇక్కడ పొరపాటున చెరిగింది అక్కడా చెరిగిపోతుంది. అప్‌డేట్ అని పెడితే కొత్తవి చేరతాయే తప్ప పాతవి పోవు. పని అయ్యాక డిస్క్ ఊడదీసి పెట్టేస్తాను, ఎందుకంటే ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్క్‌ని వైరస్ కూడా చేరుకుంటుంది.

ఏడాదికోసారి ఇదే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ కంటెంట్ ప్రకారం పోల్చమని పెడతాను. మామూలుగా అది తేదీ, సైజు మాత్రమే చూస్తుంది. కంటెంట్ అంటే రెండువైపులా ప్రతి ఫైల్‌నీ ఆసాంతం చదువుతుంది. వేగంగా నడిచే నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో పెడితే నా 412 జీబీకి రెండు గంటల పైనే పడుతుంది, పాత రకం నల్ల పోర్టులో పెడితే ఇంకా చాలా ఎక్కువసేపు పడుతుంది. 2023 ఎండాకాలంలో అలా పోల్చినప్పుడు మూడు ఫోటోలు తేడాగా వచ్చాయి. సైజు ఒక్కటే, తేదీ ఒక్కటే. తెరిచి చూస్తే డిస్క్‌లో ఉన్న కాపీకి కింది భాగమంతా గులాబీ రంగు చారలు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే నీలంగా ఉండాల్సిన గడి పసుపు రంగులో ఉంది, చదవలేకపోతున్న సెక్టార్లు ఉన్నాయని. మర్నాడే కొత్త డిస్క్ తెచ్చాను. పైకి డిస్క్ చక్కగా తిరుగుతోంది, ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి, శబ్దం లేదు. పోల్చి ఉండకపోతే ఇప్పటికీ అదే నా బ్యాకప్ అనుకుంటూ ఉండేవాణ్ణి. ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే విలువైనది ఆ రెండు గంటలే అని నా నమ్మకం.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వరద తర్వాత 2021లో కొన్న నా డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ పదో తరం ప్రాసెసర్. విండోస్ 11కి ఎనిమిదో తరం నుంచి పైవి కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నా బోర్డులో టీపీఎం ఉన్నా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, పీటీటీ పేరుతో ఆఫ్ అయి ఉంది, ఆన్ చేస్తే సరిపోయింది. ఉన్నదానిమీదే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. కానీ నాలుగేళ్ళలో పేరుకున్న డ్రైవర్లు, సగం తీసేసిన సాఫ్ట్‌వేర్లు వద్దనిపించి మొత్తం తుడిచి వేయడానికే సిద్ధమయ్యాను. 2017 తర్వాత ఏ షాపుకీ ఇవ్వలేదు. 2019లో, 2021లో నేనే వేసుకున్నాను, ఇప్పుడూ నేనే.

దసరా అక్టోబర్ 2న వచ్చింది. ఆ రోజే డిస్కులు మార్చుకున్నాను. తర్వాతి ఆదివారం ఇంట్లో ఉన్నదానికి కంటెంట్ పోలిక నడిపి, రెండువైపులా ఫైళ్ళ సంఖ్య ఒక్కటే అని చూసి, డిస్క్‌ని పాప ల్యాప్‌టాప్‌కి తగిలించి సంవత్సరానికి రెండు ఫోటోల చొప్పున తెరిచి చూశాను. రాసిన కంప్యూటర్‌లో తెరుచుకోవడం వేరు, ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోవడం వేరు. క్లౌడ్ ఫోల్డర్ల విషయంలో ఒక్క జాగ్రత్త చెప్తాను. ఫైల్ పక్కన మబ్బు గుర్తు ఉంటే అది మీ కంప్యూటర్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. వాటిని ముందు దించుకోవాలి.

ఫోటోలే కాదు, మర్చిపోయేవి వేరే ఉంటాయి. నాలాంటి డీటీపీవాళ్ళకి ముఖ్యం ఫాంట్లు. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైల్ ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ఒక్క ముక్క కనబడదు, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ వరసగా ఉంటాయి. 2019లో ఫాంట్ల ఫోల్డర్ దాచకుండా తుడిచేసి, మూడు రోజులు పని ఆపుకున్నాను. ఈసారి ఫాంట్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, ప్రింటర్ డ్రైవర్, నెట్ డ్రైవర్ ముందే ఒక పెన్ డ్రైవ్‌లో వేసుకున్నాను. నెట్ డ్రైవర్ లేకపోతే ఫోన్‌ని తీగతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే గండం గడుస్తుంది.

8 జీబీ పెన్ డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ తయారుచేశాను. మొదలుపెట్టే ముందు చేసిన పని ఒక్కటే నాకు ధైర్యమిచ్చింది. సీపీయూ పక్క రేకు తీసి, ఫోటోలున్న హార్డ్ డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా తీగ ఊడదీశాను. లోపల విండోస్ ఉండే చిన్న డిస్క్, ఎస్‌ఎస్‌డీ, ఒక్కటే మిగిలింది. కనబడని డిస్క్‌ని ఎవరూ చెరపలేరు. పైగా రెండు డిస్కులూ ఉంటే కొన్నిసార్లు కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన బూట్ పార్టిషన్ రెండోదాంట్లో పడి తర్వాత చిక్కు తెస్తుంది.

తెరమీద ఒక గడి వచ్చింది, ఫైళ్ళూ యాప్‌లూ సెట్టింగులూ అన్నీ చెరిగిపోతాయని ఒప్పుకుంటూ టిక్ పెట్టమని. తర్వాత పార్టిషన్ల జాబితా. సిస్టం, రిజర్వ్‌డ్, ప్రైమరీ, రికవరీ. ఒక్కోదాన్నీ ఎంచి డిలీట్ నొక్కాలి. 2017లో నేను చూడని చోట ఎవరో నొక్కింది ఈ బటనే. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ అని ఇంకోసారి సరిచూసుకుని నొక్కాను. చివరికి అన్‌అలొకేటెడ్ స్పేస్ అని ఒకే వరస మిగిలింది. దాన్ని ఎంచి నెక్స్ట్ కొట్టాను. అరగంటలో కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. ప్రోడక్ట్ కీ అడిగినచోట లేదని చెప్పినా, నెట్ తగిలాక పాత డిజిటల్ లైసెన్స్‌తో అదే యాక్టివేట్ అయింది. సెట్టింగుల్లోకి వెళ్తే డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లో ఉన్నవాటికి తాళం వేసే ఏర్పాటు, దానంతటదే ఆన్ అయి ఉంది. కొత్తగా వేసిన విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఇలా జరుగుతుంది. ఉండనివ్వండి, మంచిదే, కానీ దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

కంప్యూటర్ ఆపి సాటా తీగ తగిలించి మళ్ళీ ఆన్ చేసి, మొదట తెరిచింది నాన్న ఫోటో. ప్రతి ఫార్మాట్ తర్వాతా అదే మొదట తెరుస్తాను. నుదురు, కళ్ళద్దాలు, కింద బూడిద రంగు. ఎలా ఉన్నది అలాగే ఉంది.

తక్కువ మార్కులు వేయాల్సినవి కూడా ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల్లో ఎక్సిఫ్ తేదీ ఉండదు, ఫైల్ పేరులో ఉన్న తేదీయే దిక్కు. కాబట్టి పేరు మార్చకుండా ఉంచుకోవాలి. కెమెరా పెట్టే ఫైల్ పేర్లలో 9999 దాటాక అంకెలు మళ్ళీ 0001 నుంచి మొదలవుతాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకదానిమీద ఒకటి పడతాయి, నెలకో ఫోల్డర్ తప్పదు. గూగుల్‌కి నెలకి 130 రూపాయలు కడుతున్నాను, 100 జీబీకి. అందులో పట్టేది ఫోన్ ఫోటోలే. ఎనిమిదేళ్ళలో డిస్కులు నాలుగు కొన్నాను, సుమారు 20 వేలు. కుటుంబమంతా ఒక పెళ్ళికి వెళ్ళొచ్చే ఖర్చు, నాకు ఎక్కువ అనిపించలేదు.

2026 ఉగాది మార్చి 19న. డిస్క్‌కి స్టిక్కర్ అంటించి తేదీ రాసి ఉంచాను. ఈసారి మెట్రోలో డబ్బా తనే పట్టుకుంటానంది పాప.