బోస్టన్ ఫెర్న్: ఎండిన రెమ్మలే తీయాలా, మొత్తం కోసెయ్యాలా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు మే ఎండలు దాటేసరికి వరండాలో వేలాడే బోస్టన్ ఫెర్న్ మొక్క గోధుమరంగుకు తిరుగుతుంది.

సగానికి పైగా పచ్చగా ఉంటే ఎండిన రెమ్మలే తీయండి. కొనలు కాదు, మట్టికి దగ్గరగా కాడ మొదట్లో కోయాలి. కొన కత్తిరించిన రెమ్మ అక్కడి నుంచి మళ్లీ పెరగదు, మోడులా మిగిలిపోతుంది. ఆకు అడుగున వరుసగా కనిపించే గోధుమ చుక్కలు పురుగులు కావు, సిద్ధబీజాల (ఫెర్న్‌కు విత్తనాల్లాంటివి) గుత్తులు. మందు కొట్టొద్దు.

ముప్పావు వంతు ఎండితేనే మొత్తం కోత, మట్టిపైన రెండంగుళాలు వదిలి. జూన్‌లో వానలు పడ్డాక చేస్తే గాలిలో తేమకు చుట్ట చుట్టుకుని ఉండే కొత్త చిగుళ్లు తొందరగా విచ్చుకుంటాయి. డిసెంబరు చలిలో కోస్తే చాలాకాలం బోడిగానే ఉంటుంది. ఎక్కువ మొక్కలు పోయేది కోత వల్ల కాదు, తర్వాత పోసే నీళ్ల వల్ల. ఆకులు లేని మొక్క తాగేది తక్కువ. రోజూ పోస్తే మొదలు కుళ్లుతుంది. పైమట్టి తడి తగ్గాకే పొయ్యండి. చిగుళ్లు నాలుగంగుళాలు ఎదిగేదాకా ఎరువు వద్దు.

కుండీ వేళ్లతో బిగిసిపోతే కోసినప్పుడే మొక్కను విడదీయండి. కొత్త కుండీలోకి రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ఆకుల ఎరువు చాలు. ఉద్దానం కొబ్బరి తోటల వైపు పొట్టుకు కొదవ లేదు, కానీ ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లలో కడగాలి. లేకపోతే ఆకు కొనలు మాడతాయి.