కొలత వాళ్లది, బిల్లు మాది

వాడిన డేటాను బట్టి బిల్లు వేసే ఇంటర్నెట్ కనెక్షన్ మా ఇంట్లో మూడేళ్లకు పైగా ఉంది. స్పీడ్ గురించి, ఇన్‌స్టలేషన్ గురించి రాయను. ఆ రెండింటిలోనూ నాకు ఏ ఇబ్బందీ లేదు, లైన్ పోయిన రోజులు కూడా తక్కువే. నేను రాయాలనుకున్నది మీటర్ గురించి. ఇంట్లో ఎక్కడా కనిపించదు, మనం సరిచూసుకోవడానికి వీలుండదు, కానీ నెల తిరిగేసరికి బిల్లు ఎంతో తేల్చేది అదే.

మొదటి ఏడాది ఈ ప్లాన్ గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేనే మంచిగా చెప్పాను. అప్పుడు ఇంట్లో నేను, మా ఆయన, బడికి వెళ్లే మా అబ్బాయి. పగలంతా ఇల్లు తాళం వేసి ఉండేది. నెలకు 500 జీబీ పరిమితి. అది దాటితే ప్రతి 50 జీబీకీ విడిగా కట్టాలి. మాకు 200 దాటడమే గగనం. ఎక్కువ వాడేవాళ్లే ఎక్కువ కట్టాలి, రెండు మెసేజ్‌లు చూసుకునేవాళ్ల మీద ఆ భారం వేయకూడదు అనేదాన్ని. ఇప్పటికీ ఆ మాటలో న్యాయం ఉందనే అనుకుంటున్నాను. కాకపోతే, 150 జీబీ వాడిన నెలలో కూడా నేను కట్టింది పూర్తి బిల్లే. మిగిలిన 350 మరుసటి నెలకు రాలేదు. వాడకం పెరిగితే బిల్లు పెరుగుతుంది, వాడకం తగ్గితే మాత్రం తగ్గదు. నా మాట మీద ఈ కనెక్షన్ తీసుకున్నవాళ్లకు అప్పుడే ఈ సంగతి కూడా చెప్పి ఉండాల్సింది.

రెండో ఏడాది నాన్న మా దగ్గరికి వచ్చారు. అంతకుముందు ఒకసారి కాలు జారి పడ్డారు. రాత్రిళ్లు ఆయన లేస్తే తెలియాలని గదిలో ఒక చిన్న కెమెరా పెట్టాం. ఫోన్‌లో చూసుకోవచ్చు, బాగానే ఉంది అనుకున్నాం.

ఆ నెల బిల్లు మామూలుకు రెండున్నర రెట్లు వచ్చింది. వాడకం 870 జీబీ అని ఉంది. 18వ తేదీన పరిమితి దాటితే, ఆ సంగతి చెప్పే మెసేజ్ 20వ తేదీన వచ్చింది. అప్పటికే రెండో 50 జీబీ లెక్కలోకి వెళ్లిపోయాం. వాళ్ల పేజీలో చూస్తే ఏ రోజు ఎంత వాడామో ఒక్క అంకె ఉంటుంది, అదీ మర్నాటికి గానీ రాదు. ఏ పరికరం వాడింది, పంపినది ఎంత, తెప్పించుకున్నది ఎంత అన్నది లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మీరు వాడితేనే కదా మేడమ్ మీటర్ తిరిగేది" అన్నారు.

అప్పుడు నేను మా అబ్బాయిని పట్టుకున్నాను. ఆ నెలలో వాడొక గేమ్‌కి అప్‌డేట్ పెట్టుకున్నాడు, అదొక్కటే 90 జీబీ. నాకు అది చాలు. ఇంకా ఏవో దించుకుని చెప్పడం లేదని తేల్చేశాను. వైఫై పాస్‌వర్డ్ మార్చి వాడికి ఇవ్వలేదు. ఒక్కటే పెట్టుకున్నానని వాడు ఎంత చెప్పినా వినలేదు. పాఠం వీడియో ఒకటి చూడాలన్నా నా దగ్గరికి వచ్చి అడిగేవాడు, చూసేంతసేపూ నేను పక్కనే కూర్చునేదాన్ని. నెలాఖరుకు లెక్క చూస్తే మళ్లీ 800కి దగ్గరగా ఉంది. వాడు నెట్ ముట్టుకోని రోజుల్లో కూడా రోజుకు ఇరవై పైనే పోతోంది. వాడికి క్షమాపణ చెప్పాను. కానీ ఆ నెలంతా వాడు నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఈ మీటర్ మీద నా కోపానికి అసలు కారణం డబ్బు కాదు, ఇదే. ఎంత ఖర్చయిందో చెప్పి, ఎవరి వల్లో చెప్పకపోతే ఇంట్లో అందరూ ఒకరినొకరు అనుమానించుకోవాల్సిందే.

వాళ్లిచ్చిన రౌటర్‌లో పరికరాల వారీగా లెక్క కనిపించదు. అది చూపించే రౌటర్ ఒకటి సొంతంగా కొన్నాను. మొదటి రోజే తెలిసిపోయింది. జాబితాలో అన్నింటికన్నా పైన ఉన్నది కెమెరా. తెప్పించుకున్నది దాదాపు ఏమీ లేదు, అంతా పంపినదే. అప్పటిదాకా డేటా అంటే మనం చూసేది, దించుకునేది అనే అనుకున్నాను. ఇంట్లోంచి బయటికి వెళ్లేది కూడా మీటర్ ఎక్కుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ కెమెరా కొన్నప్పటి సెట్టింగ్‌తోనే, మనిషి కదిలినా కదలకపోయినా, సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఇరవై నాలుగు గంటలూ వీడియోను కంపెనీ సర్వర్‌కి పంపుతోంది. 8 బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు పావు మెగాబైటు. వినడానికి చాలా చిన్నది. రోజుకు 86,400 సెకన్లు, అంటే 21.6 జీబీ. నెలకు 648. నాన్న నిద్రపోతుంటే ఆ నిద్రే మా పరిమితి మొత్తాన్ని దాటేస్తోంది.

కారణం తెలిశాక నేను చేసిన మొదటి పని రాత్రి పదకొండు తర్వాత కెమెరా ఆపేయడం. మూడో రాత్రి మెలకువ వచ్చి వెళ్లి చూస్తే నాన్న చీకట్లో గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో ఆయనకే తెలియడం లేదు. పడలేదు, దెబ్బ తగల్లేదు. కానీ ఆయన కోసం పెట్టిన కెమెరాను బిల్లు భయంతో ఆపానన్న బాధ మాత్రం ఉండిపోయింది.

తర్వాత దారి దొరికింది. కెమెరాలో 128 జీబీ మెమరీ కార్డు వేశాం. దాదాపు ఆరు రోజుల రికార్డింగ్ అందులోనే ఉంటుంది. కదలిక ఉన్నప్పటి చిన్న ముక్కలు మాత్రమే బయటికి వెళ్తాయి. మొదట్లో ఫ్యాన్ గాలికి కర్టెన్ ఊగినా పంపించేది, మంచం వరకే చూసేలా హద్దు గీశాక తగ్గింది. ఇప్పుడు కెమెరా వాడకం నెలకు 10 జీబీ లోపే. మిగతావి తేలిక. టీవీలో 4కే మానేసి హెచ్‌డీ పెట్టాం, గంటకు 7 జీబీ దాకా పోయేది 3 దగ్గర ఆగింది. కంప్యూటర్ అప్‌డేట్‌ల వంటివి తనంతట తానే దించుకోవడం తగ్గించేలా, అందులో మీటర్డ్ కనెక్షన్ అన్న సెట్టింగ్ ఆన్ చేశాం.

ఇక సమస్య తీరిందనుకున్నాక ఇంకో నెల వచ్చింది. నాన్నను చూడడానికి అక్కావాళ్లు వచ్చి మూడు వారాలు ఉన్నారు. ఇంటి నిండా జనం, టీవీ ఆగలేదు. అయినా నేను ప్రతి రోజూ రౌటర్‌లో చూసుకుంటూనే ఉన్నాను. నెలాఖరుకు 466 అని చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. బిల్లులో 506 ఉంది, అదనపు 50 జీబీకి డబ్బు పడింది.

ఈసారి నా దగ్గర లెక్క ఉంది కాబట్టి గట్టిగా అడిగాను. నా కాల్‌ను నాలుగు సార్లు ఒకరి నుంచి ఇంకొకరికి మార్చాక ఒకాయన ఓపిగ్గా చెప్పారు. వాళ్ల జీబీ అంటే 100 కోట్ల బైట్లు. నా రౌటర్ 1024ను 1024తో, మళ్లీ 1024తో గుణిస్తే వచ్చే బైట్లను ఒక జీబీ అంటోంది, అంటే 107 కోట్ల పైచిలుకు. రెండింటికీ ఏడు శాతానికి పైగా తేడా. 500 జీబీ హార్డ్ డిస్క్ కొంటే కంప్యూటర్ 465 అని చూపించేది కూడా ఇందుకే. నా 466ను వాళ్ల లెక్కలోకి మారిస్తే 500 దాటింది. మిగిలిన ఐదారు జీబీ గురించి నేను పోట్లాడను. నెట్‌లో డేటా చిన్న చిన్న ప్యాకెట్‌లుగా వెళ్తుంది, ప్రతిదానికీ అడ్రసు వగైరా తోడు వెళ్తాయి, మీటర్ ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి అవి ఎంతవరకు లెక్కలోకి వస్తాయన్నది మారుతుంది.

వాళ్ల లెక్క తప్పు కాదు. ప్రామాణిక కొలతల ప్రకారం వాళ్లదే సరైనది. కానీ ఆ ముక్క ప్లాన్ వివరాల్లో ఎక్కడైనా ఒక్క లైను రాసి ఉంటే? కరెంటు మీటర్ మన గోడకే ఉంటుంది, అనుమానం వస్తే అన్నీ ఆపేసి తిరుగుతోందో లేదో చూస్తాం. తూకం రాయి మీద ముద్ర ఉంటుంది. ఇక్కడ కొలిచేదీ వాళ్లే, బిల్లు వేసేదీ వాళ్లే, ఫిర్యాదు వినేదీ వాళ్లే.

ఆ తర్వాత కొంత చదివాను. పెద్ద నెట్‌వర్క్‌లు ఒకదాని దగ్గర ఒకటి సామర్థ్యం, అంటే ఒకేసారి ఎంత డేటా పంపుకోవచ్చన్నది, కొనేటప్పుడు సాధారణంగా వాడే పద్ధతి వేరు. ఐదు నిమిషాలకోసారి వేగం కొలుస్తారు. నెలాఖరున వాటిలో పైనున్న 5 శాతం, అంటే 36 గంటల కొలతలు పక్కన పెట్టి, మిగిలినవాటిలో అన్నింటికన్నా ఎక్కువ ఉన్నదానికి బిల్లు వేస్తారు. అంటే ఖర్చు పెంచేది అందరూ ఒకేసారి వాడే రద్దీ వేళ. కెనడాలో 2011లో చిన్న కంపెనీలు పెద్ద కంపెనీలకు కట్టే టోకు ఇంటర్నెట్ ధరల మీద పెద్ద గొడవ జరిగినప్పుడు, అక్కడి నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ చివరికి జీబీల లెక్క కాదని, ఎంత సామర్థ్యం కావాలో దాన్ని బట్టి కట్టే పద్ధతికి దారి తెరిచింది. రాత్రి రెండు గంటలకు ఖాళీ లైన్ మీద నాన్న కెమెరా పంపిన జీబీకీ, సాయంత్రం రద్దీలో మా టీవీ లాక్కున్న జీబీకీ ఒకే రేటు వేయడం నాకు అందుకే మింగుడు పడడం లేదు.

తీసుకోవచ్చా అని అడిగితే, మీ ఇంట్లో ఎవరున్నారు అని అడుగుతాను. ఒక్కరే ఉండి, పగలు బయట ఉండేవాళ్లకు ఇబ్బంది రాకపోవచ్చు. మాకూ ఏడాది రాలేదు. కెమెరా గానీ, ఫోటోలను తమంతట తామే ఆన్‌లైన్‌లో దాచిపెట్టే ఫోన్‌లు గానీ, చదువుకునే పిల్లలు గానీ ఉంటే, పరికరాల వారీగా లెక్క చూపించే రౌటర్ ముందు కొనుక్కోండి. దానిలో కనిపించే అంకెకు ఇంకో తొమ్మిది శాతం కలుపుకోండి, మాకు ఆ లెక్కే సరిపోతోంది.

మా ఒప్పందం ఇంకో నాలుగు నెలలుంది. తర్వాత పరిమితి లేని ప్లాన్‌కి మారాలని ఉంది, కానీ నేను అడిగిన రెండు చోట్లా కొంత వాడాక స్పీడ్ తగ్గిస్తామంటున్నారు. మా ఆయన ఇంటి నుంచే పని చేస్తున్నారు కాబట్టి అది ఎంతవరకు కుదురుతుందో చూడాలి. ప్రస్తుతానికి 450 దగ్గర హెచ్చరిక పెట్టుకున్నాను. వైఫై పాస్‌వర్డ్ మా అబ్బాయి దగ్గరే ఉంది. నాన్న గదిలో కెమెరా రాత్రంతా ఆన్‌లోనే ఉంటోంది.