రెండు సాకెట్ల టెంపరేచర్ కంట్రోలర్: ఏళ్ల తరబడి గరాజ్‌లో వాడాక

ఇంట్లో బీర్ చేయడం మొదలుపెట్టేవాళ్లు ఎవరు అడిగినా కెటిల్ గురించో, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) గురించో చెప్పను. ముందు ఈ చిన్న పెట్టె కొనమంటాను. ఒక సాకెట్‌కి ఫ్రిజ్, ఇంకో సాకెట్‌కి హీటింగ్ బెల్ట్ (ఫెర్మెంటర్‌కి, అంటే బీర్ పులిసే పాత్రకి, చుట్టే వేడి పట్టీ). మనం పెట్టిన టెంపరేచర్ దగ్గర ఉండేలా సెన్సర్‌తో చూసుకుంటూ రెంటినీ అదే వేస్తుంది, ఆపుతుంది. మేముండేది డాలస్ దగ్గర. ఎండాకాలంలో గరాజ్ 40 డిగ్రీలు దాటుతుంది, జనవరిలో నీళ్లు గడ్డకట్టే రాత్రులుంటాయి. అలాంటి గరాజ్‌లో చల్లగా పులియబెట్టే పిల్స్‌నర్, గోధుమలతో చేసే వీట్ బీర్, వేడిలో పులిసే సేజాన్ మూడూ చేసుకోగలుగుతున్నానంటే ఈ పెట్టె పుణ్యమే.

కొన్నది చల్లబరచడానికే గానీ, నన్ను దీనికి అభిమానిని చేసింది వేడిచేసే సాకెట్. బెల్జియం సేజాన్‌కి పేరుమోసిన ఈస్ట్ ఒకటుంది, వైయీస్ట్ 3724. మొదట్లో జోరుగా పులిసి, గ్రావిటీ (బీర్‌లో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చెప్పే కొలత, పులిసేకొద్దీ తగ్గుతుంది) 1.035 దగ్గరికి రాగానే మొండికేస్తుంది. బీర్ తియ్యగా, సగం పులిసి ఉండిపోతుంది. చాలామంది విసిగిపోయి వేరే ఈస్ట్ వేసి ముగిస్తారు. నేను 20 దగ్గర మొదలుపెట్టి రోజూ కాస్త పెంచుతూ 32కి తీసుకెళ్లాను. బయట డిసెంబర్ చలి. అందరూ భయపెట్టిన చోట అది నెమ్మదించింది గానీ ఆగలేదు, చివరికి 1.004కి దిగింది. మిరియాల ఘాటు, నిమ్మతొక్క వాసన, తీపి జాడే లేదు. సీసాలో కొని తాగినప్పుడు ఇష్టపడ్డ రుచి మా గరాజ్‌లో తయారైందంటే ఆ రోజు నాకు నమ్మబుద్ధి కాలేదు.

హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీర్‌తో ఇంకో ఆనందం. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో తాగినవాళ్లకి ఆ అరటిపండు వాసన గుర్తుండే ఉంటుంది. అందులో పండేమీ వేయరు, ఆ వాసన ఈస్ట్‌దే. వైయీస్ట్ 3068తో 17 దగ్గర పులియబెడితే లవంగం ముందుకొస్తుంది, 22 దగ్గరైతే అరటిపండు. అదే గోధుమ మాల్ట్, అవే హాప్స్ (చేదునిచ్చే పూలు), మార్చిందల్లా అంకె ఒక్కటే. చలికాలంలో పెరుగు గిన్నెకి దుప్పటి చుట్టే ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఒక్క మాట. దీంతో వచ్చిన కాగితం సెన్సర్‌ని ఫ్రిజ్ లోపల గాల్లో వేలాడదీయమంటుంది. దాన్ని పట్టించుకోకండి. పులిసేటప్పుడు బీర్ తనంతట తాను వేడెక్కుతుంది, జోరు మీదున్నప్పుడు చుట్టూ ఉన్న గాలికంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. సెన్సర్‌ని ఫెర్మెంటర్ పక్కకి ఆనించి, మీద ఫోమ్ ముక్క పెట్టి గట్టిగా టేప్ వేయండి. అప్పుడే అది గాలి సంగతి కాకుండా బీర్ సంగతి చెబుతుంది.

ఇక దీనిమీద నాకున్న కోపం. అప్పట్లో నిలువు ఫ్రిజ్ కాదు, పైకి తెరుచుకునే డీప్ ఫ్రీజర్ వాడేవాణ్ని. చెక్ పద్ధతి పిల్స్‌నర్, 34/70 అనే ఈస్ట్‌తో 11 దగ్గర పులిసి, 17కి పెంచాక వెన్న వాసన పోయి, 1 డిగ్రీ దగ్గర వారాల తరబడి నిలవ ఉంది. శాంపిల్ తీస్తే బంగారు రంగులో అద్దంలా ఉండేది. ఒకరోజు పొద్దున్నే గరాజ్‌లోకి వెళ్తే కంట్రోలర్ కీచుమని అరుస్తోంది. డిస్‌ప్లేలో మైనస్ 8. కూలింగ్ లైట్ ఆరిపోయి ఉంది, ఫ్రీజర్ మాత్రం గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది. ఆ అరుపు పడకగదిదాకా వినిపించదు కదా, రాత్రంతా అలాగే నడిచింది. మూత తీస్తే చుట్టూ మందపాటి మంచు గోడ, మధ్యలో చిక్కటి పసుపు ద్రవం. స్టీల్ ఫెర్మెంటర్ కాబట్టి నిలబడింది, గాజుదైతే పగిలిపోయేది.

పెట్టె మీద స్క్రూడ్రైవర్ పిడితో కొడితే లోపల టక్కుమని చప్పుడొచ్చి ఫ్రీజర్ ఆగింది. రిలే (లోపల కరెంట్‌ని కలిపి విడదీసే స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోయాయన్నమాట. పెట్టె మీద 10 ఆంపియర్లని అచ్చేశారు. హీటర్‌కైతే ఆ అంకె సరే. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంట్ లాగుతుంది, ప్రతిసారీ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుడుతుంది, ఏదో ఒకరోజు అవి అతుక్కుంటాయి. ఈ మాట ఎక్కడా రాయలేదు. కంపెనీవాళ్లని అడిగితే వారంటీ అయిపోయిందన్నారు. మంచు నెమ్మదిగా కరిగించాను. నురుగు నిలవలేదు, మసక మళ్లీ విడలేదు. అంత ఓపిగ్గా చేసిన బీర్ అలా పాడవడం ఇప్పటికీ బాధే.

తర్వాత కూడా ఇదే రకం కొన్నాను, కానీ డీప్ ఫ్రీజర్ తీసేసి మామూలు ఫ్రిజ్‌కి మారాను. రిలే మళ్లీ అతుక్కున్నా ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్ ఆపుతుందని ధైర్యం. దానికి కట్టిన ధర ఏమిటంటే, 1 డిగ్రీకి బదులు 3 దగ్గరే నిలవ ఉంచాల్సి వస్తోంది, బీర్ తేటబడటానికి ఇంకా కొన్ని వారాలు పడుతోంది. కంప్రెసర్ డిలే (ఒకసారి ఆగాక మళ్లీ స్టార్టయ్యేదాకా ఉండే విరామం) 10 నిమిషాలకి పెంచాను. ఫోన్‌కి మెసేజ్ పంపే సెన్సర్ విడిగా పెట్టాను. టెంపరేచర్ కచ్చితంగా చూపిస్తుందని స్నేహితులకి ఇదివరకు గట్టిగా చెప్పేవాణ్ని. ఇప్పుడు ఏడాదికోసారి సెన్సర్‌ని ఐస్ నీళ్లలో ముంచి చూసుకోమంటున్నాను, సున్నా చూపించాల్సింది నాది మొన్న 1.5 చూపించింది. సెట్టింగ్స్‌లో సరిచేసుకోవచ్చు.

నాలాగా పిల్స్‌నర్ లాంటి లాగర్లు, గోధుమ బీర్లు ఇష్టమై, ఎండ మండే ఊళ్లో ఉంటే తీసుకోండి. సియాటిల్‌లో చల్లటి బేస్‌మెంట్ ఉండి, స్టౌట్లూ పేల్ ఏల్‌లే చేసుకునేవాళ్లకి అంత అవసరం ఉండకపోవచ్చు. క్వైక్ అనే నార్వే ఈస్ట్ వాడేవాళ్లకైతే టెక్సస్ వేడే చాలు, అది 35 దాటినా హాయిగా పులుస్తుంది. డీప్ ఫ్రీజర్‌కి తగిలిస్తానంటే మాత్రం, మధ్యలో పెద్ద రిలే వేయించగల ఎలక్ట్రీషియన్ దొరికేదాకా నేను వద్దనే అంటాను.