ప్లైవుడ్ పడవ లోపలికి టూ ప్యాక్ ఎపాక్సీ సీలర్: ఒక వానాకాలం వాడాక

కాకినాడలో పడవల సామాను అమ్మే దుకాణంలో కొన్న టూ ప్యాక్ ఎపాక్సీ సీలర్‌ను (రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ రెండూ కలిపి, చెక్కలోకి నీరు దిగకుండా పూసే పూత), ఉప్పుటేరులో తిప్పుకునే మా చిన్న ప్లైవుడ్ పడవ లోపలంతా పూయించి, వానాకాలం గడిచాక ఈ సమీక్ష రాస్తున్నాను. సరుకు మంచిది; దానితో ఇచ్చిన సూచనల కాగితం మాత్రం కొరగానిది.

ఇటువంటి పడవకు బయటి ఉప్పునీటి కంటే లోపల నిలిచే వాననీటి వల్లనే ఎక్కువ చేటు, ఎందుకంటే చెక్కను కుళ్ళబెట్టే బూజుకు ఉప్పు సరిపడదు, మూలల్లో నిలిచిన మంచినీరు బాగా సరిపడుతుంది. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న ప్లైవుడ్‌లో పొరలను పట్టి ఉంచే జిగురు నీటికి ఊడదు గాని, ఆ పొరలు చెక్కే కాబట్టి కోసిన అంచుల నుంచి తేమను పీల్చుకుంటూనే ఉంటాయి. అందువల్ల సీలర్ నాణ్యతను పలక మధ్యలోని మెరుపును బట్టి కాక, అంచుల దగ్గర చూసి తేల్చాలి. మొదటి పూత అంచుల్లోకి పూర్తిగా ఇంకిపోయి, చెక్క మళ్ళీ పొడిగా కనిపించింది. మూడో పూతకు గాని పైన మెరుపు నిలవలేదు. మరమేకుల రంధ్రాలను కాస్త పెద్దవి చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్ళీ తొలిపించాము. వానల తరువాత మేకులు విప్పి చూస్తే ఎక్కడా నలుపు లేదు.

పూయవలసిన వేళ గురించి కాగితంలో ఒక్క మాట లేదు. ఉదయం ఎండ ఎక్కుతున్నకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది; పొద్దు వాలి చల్లబడుతున్నప్పుడు పూస్తే అదే గాలి సంకోచించి రెసిన్‌ను లోపలికి లాగుతుంది. కలిపిన మిశ్రమాన్ని మగ్గులోనే ఉంచితే, మన కోస్తా వేడికి అది తనలో తాను కాగి, పొగలు కక్కి గడ్డకడుతుంది కనుక వెంటనే వెడల్పాటి ట్రేలో పోసుకోవాలి. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోయడం మన పనివాళ్ళకు అలవాటు. ఎపాక్సీ విషయంలో ఆ అలవాటు పనికిరాదు, ఎక్కువైనా తక్కువైనా పూత మెత్తగానే మిగులుతుంది.

గాలిలో తేమ ఉంటే గట్టిపడిన పూత మీద పలుచని జిడ్డు తేలుతుంది. దానిని గిన్నెలు తోమే పచ్చ పీచుతో, మంచినీళ్ళతో కడిగి, ఆరాకే ఎమరీ కాగితం పట్టాలి. ముందే పట్టితే ఆ జిడ్డును పూతలోకి రుద్దినట్టే. మామూలు ఎనామిల్‌ను ఎపాక్సీ మీద నేరుగా వేస్తే ఒక్కోసారి రోజుల తరబడి ఆరదు కాబట్టి, నడుమ ఎపాక్సీ ప్రైమర్ వేయించి, పైన లేత బూడిద రంగు పాలియురెథేన్ పూయించాము. ఎపాక్సీ ఎండకు పసుపుబారి పొడిగా రాలుతుంది గనుక ఈ రంగు ఖర్చు తప్పించుకునేది కాదు. తెల్లరంగైతే మధ్యాహ్నం కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. కాళ్ళు పెట్టే చోట తడి రంగు మీద సన్నని ఇసుక చల్లించడం మంచి పని అయింది.

ధర ఎక్కువే. హార్డెనర్ చర్మానికి పడదు, అయినా ప్యాకులో చేతి తొడుగులు ఉండవు; విడిగా కొనుక్కోవాలి.